చొక్కా చేతులు ముగిసే చోట మొదలయ్యే మచ్చ

రెండు చేతుల వెనకభాగం నల్లబడి ఉంటుంది. ఆ నలుపు మణికట్టు దాటి మోచేతి వైపు పాకి, చొక్కా చేతులు ఎక్కడిదాకా వస్తాయో సరిగ్గా అక్కడ గీత గీసినట్టు ఆగిపోతుంది. కుడిచేతి మీద ఎంత ఉందో ఎడమచేతి మీదా అంతే. పాదాల మీద, మెడ చుట్టూ కూడా అదే తీరు. మొదట ఎండకు కమిలినట్టు ఎర్రబడి మంటపుడుతుంది. తర్వాత రంగు ముదిరి, తోలు మందమై, పొలుసులు లేచి, పగుళ్లిస్తుంది. చొక్కా విప్పి చూస్తే ఛాతీ, వీపు మామూలుగానే ఉంటాయి.

ఈ జబ్బు పేరు పెల్లాగ్రా. ఇప్పటి కుర్ర డాక్టర్లలో చాలామంది దీన్ని పాఠ్యపుస్తకంలో బొమ్మగా తప్ప చూసి ఉండరు. 1960లలో హైదరాబాద్ ఉస్మానియా దవాఖానాలో పనిచేసినవారికి మాత్రం ఇది వార్డులో తరచూ ఎదురయ్యే రోగం. జొన్నరొట్టె, జొన్నగటక తప్ప పెద్దగా మరొకటి దొరకని కూలి కుటుంబాల నుంచి వచ్చేవారు ఈ రోగులు. చర్మం ఒక్కటే కాదు, నాలుక ఎర్రగా పూసి అన్నం ముద్ద మింగలేకపోయేవారు. విరేచనాలు ఆగేవి కావు. నిద్ర పట్టకపోవడం, దిగులు, చిరాకు, చివరికి మతి తప్పడం. కొందరు చర్మం డాక్టరు దగ్గరికి రాకుండానే మానసిక చికిత్సాలయానికి చేరేవారు. వైద్యం అందకపోతే ప్రాణం పోతుంది. ఇంతకీ మూలం ఒక్కటే. బి-విటమిన్లలో మూడోదైన నయాసిన్ ఒంటికి చాలకపోవడం.

విటమిన్ లోపం అనగానే ఫలానాది తినలేదు, ఫలానా మాత్ర వేసుకుంటే సరిపోతుంది అనుకోవడం అలవాటు. పెల్లాగ్రా కథ ఆ అలవాటుకు అడ్డొస్తుంది. ఈ రోగులు తిన్న తిండిలో నయాసిన్ లేకపోలేదు. వాళ్ల కంచంలో ఏడాది పొడుగునా ఒకే గింజ ఉండటమే చిక్కు.

స్పెయిన్‌లోని అస్తూరియాస్ ప్రాంతంలో గాస్పర్ కసాల్ అనే వైద్యుడు 1735లో ఈ జబ్బును మొదటిసారి వివరంగా రాసుకున్నాడు. అమెరికా ఖండం నుంచి వచ్చిన మొక్కజొన్న అప్పటికే అక్కడి పేద రైతుల ప్రధాన ఆహారమైపోయింది. మాంసం ముఖం చూసేది అరుదు. మెడ చుట్టూ పట్టీలా వచ్చే ఆ మచ్చను వైద్యులు నేటికీ ‘కసాల్ హారం’ అనే పిలుస్తారు. హారం అనే మాట ఆ మనుషులకు ఎంత నప్పిందో వేరే చెప్పాలా! తర్వాత ఈ జబ్బు ఇటలీ ఉత్తర భాగమంతా పాకింది. పాడైన మొక్కజొన్నలోని విషమే కారణమని అక్కడి పండితులు ఏళ్ల తరబడి వాదించారు. మొక్కజొన్న పుట్టిల్లయిన మెక్సికోలో మాత్రం ఈ గొడవే లేదు. అక్కడి ఆడవాళ్లు తరతరాలుగా గింజల్ని సున్నపునీళ్లలో ఉడికించి, నానబెట్టి, ఆ తర్వాతే రుబ్బుతారు. మొక్కజొన్నలో నయాసిన్ మరో పదార్థంతో బిగుసుకుని ఉంటుంది, మన పేగులు దాన్ని విడదీసుకోలేవు. సున్నం ఆ ముడి విప్పుతుంది. యూరపువాళ్లు గింజను పట్టుకెళ్లారు గానీ వండే పద్ధతిని అక్కడే వదిలేసి వెళ్లారు.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణ రాష్ట్రాలను ఈ జబ్బు పట్టుకుంది. అంటురోగమని భయపడి కొన్నిచోట్ల రోగుల్ని ఆసుపత్రుల్లోకి రానివ్వలేదు. 1914లో ప్రభుత్వం దీని సంగతి తేల్చమని జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అనే వైద్యుణ్ణి పంపింది. ఆయన చేసిన మొదటి పని ఎవరికి జబ్బు వచ్చిందో చూడటం కాదు, ఎవరికి రాలేదో చూడటం. పిచ్చాసుపత్రుల్లో రోగులకు పెల్లాగ్రా ఉంది, వాళ్లను పగలూ రాత్రీ కనిపెట్టుకుని ఉండే నర్సులకు, నౌకర్లకు లేదు. అంటుకునే జబ్బయితే వాళ్లనెందుకు వదిలేస్తుంది? మిసిసిపీలోని ఒక అనాథాశ్రమంలో ఇంకా విచిత్రం. ఆరేళ్లకూ పన్నెండేళ్లకూ మధ్య పిల్లలకే ఎక్కువగా వచ్చింది. ఆరా తీస్తే, చంటిపిల్లలకు పాలు పోస్తున్నారు. పనిచేసే వయసు వచ్చిన పెద్దపిల్లలకు కాస్త మాంసం దక్కుతోంది. నడిమి పిల్లలకే అటు పాలూ లేవు, ఇటు మాంసమూ లేదు. పాలు, గుడ్లు, మాంసం, పప్పుదినుసులు పెట్టించగానే జబ్బు తగ్గుముఖం పట్టింది.

అంతటితో ఎవరూ నమ్మలేదు. 1915లో మిసిసిపీలోని రాంకిన్ జైలు పొలంలో, విడుదల చేస్తామన్న హామీ మీద ముందుకొచ్చిన ఖైదీలకు గోల్డ్‌బెర్గర్ మొక్కజొన్న రొట్టె, మైదా, అన్నం, చెరకుపాకం, చిలగడదుంపలు, కాస్త ఆకుకూర మాత్రమే పెట్టించాడు. నెలలు గడిచాయి. చివరిదాకా ఉన్న పదకొండుమందిలో ఆరుగురికి పెల్లాగ్రా తేలింది. ఈ రోజుల్లో ఏ నైతిక సంఘమూ అలాంటి ప్రయోగానికి ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. అయినా విమర్శకులు ఊరుకోలేదు, అంటురోగమేనని పట్టుబట్టారు. మరుసటి ఏడు గోల్డ్‌బెర్గర్, ఆయన సహచరులు రోగుల రక్తాన్ని సూదితో తమ ఒంట్లోకి ఎక్కించుకున్నారు, రోగుల పొలుసుల్నీ మలమూత్రాల్నీ గోధుమపిండితో ఉండచేసి మింగారు. ఆయన భార్య మేరీ కూడా రక్తం ఎక్కించుకుంది. ఎవరికీ పెల్లాగ్రా రాలేదు.

ఇక్కడితో ఆగి ఉంటే ఇది ఒక సాహసగాథగా మిగిలేది. గోల్డ్‌బెర్గర్ ఆగలేదు. ఎడ్గర్ సైడెన్‌స్ట్రిక్కర్ అనే ఆర్థికవేత్తను వెంటబెట్టుకుని 1916 నుంచి సౌత్ కరోలినా నూలుమిల్లుల ఊళ్లలో ఇల్లిల్లూ తిరిగాడు. ఈ సైడెన్‌స్ట్రిక్కర్ నవలా రచయిత్రి పెర్ల్ బక్‌కు అన్న. ఎవరింట్లో నెలకు ఎంత రాబడి, ఏమి కొన్నారు, ఆవు ఉందా లేదా అని లెక్కలు రాసుకున్నారు. రాబడి తగ్గేకొద్దీ జబ్బు పెరిగింది, అది అనుకున్నదే. అనుకోనిది మరొకటి బయటపడింది. న్యూరీ, ఇన్మన్ మిల్స్ అనే రెండు మిల్లు ఊళ్లలో కూలిరేట్లలో పెద్ద తేడా లేదు. న్యూరీ చుట్టుపక్కల రైతులు కూరగాయలు, మాంసం తెచ్చి అమ్మేవారు. ఇన్మన్ మిల్స్ చుట్టూ ఎటు చూసినా పత్తి. కొందామన్నా తాజా తిండి దొరకదు. పెల్లాగ్రా ఆ పత్తి మధ్య ఊళ్లోనే ఎక్కువ. పొలాల్లో ఏ పంట వేశారన్నది చివరికి మిల్లు కార్మికుడి చేతుల మీద మచ్చగా తేలిందన్నమాట.

గోల్డ్‌బెర్గర్ 1929లో కన్నుమూశాడు. తాను వెతికిన పదార్థం పేరు ఆయనకు తెలియనే లేదు. 1937లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కాన్రాడ్ ఎల్వెజెమ్ బృందం, పెల్లాగ్రాకు కుక్కల్లో సాటివచ్చే ‘నల్ల నాలుక’ జబ్బును నికోటినిక్ ఆమ్లంతో నయం చేసింది. అదే నయాసిన్. అది శాస్త్రవేత్తల అలమరాల్లో ఎన్నో ఏళ్లుగా పడున్న రసాయనమే, విటమిన్ అని అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు. 1940లలో పిండిలో దాన్ని కలపడం మొదలయ్యాక అమెరికాలో పెల్లాగ్రా దాదాపు మాయమైంది.

దక్కన్‌లో కథ మరోలా నడిచింది. కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ నాటిన చిన్న పరిశోధనశాల పెరిగి పెద్దదై 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. నేడు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థగా అందరికీ తెలిసినది అదే. అక్కడ డాక్టర్ సి.గోపాలన్, డాక్టర్ ఎస్.జి.శ్రీకంఠయ్య ముందు ఒక చిక్కుప్రశ్న నిలిచింది. మొక్కజొన్నలో నయాసిన్ బిగుసుకుని ఉంటుంది, పైగా ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. మన ఒళ్లు సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ నుంచి ఒక మిల్లీగ్రాము నయాసిన్ తయారుచేసుకోగలదు. అందుకే పాలలో, గుడ్లలో నయాసిన్ తక్కువే అయినా ట్రిప్టోఫాన్ పుష్కలంగా ఉండటం వల్ల అవి పెల్లాగ్రాను ఆపుతాయి. మొక్కజొన్నకు ఆ దారీ మూసుకుపోయింది. మరి జొన్న? జొన్నలో ట్రిప్టోఫాన్ అంత తక్కువ కాదు. మరపట్టిన బియ్యంతో పోల్చినా నయాసిన్ తక్కువేమీ కాదు. అన్నం మాత్రమే తినే పేదవాడికి రాని పెల్లాగ్రా జొన్నరొట్టె తినే పేదవాడికి ఎందుకొస్తోంది?

వాళ్ల దృష్టి జొన్న మాంసకృత్తుల్లో మిగతావాటి కన్నా ఎక్కువగా ఉండే ల్యూసిన్ మీద పడింది. ఒంట్లో ట్రిప్టోఫాన్ నయాసిన్‌గా మారే పనికి, నయాసిన్ తన పని చేసే తీరుకు ల్యూసిన్ అడ్డం తగులుతోందేమోనన్నది వాళ్ల అనుమానం. 1960లో లాన్సెట్ పత్రికలో ఈ సంగతి రాశారు. తర్వాత పరిశోధకురాలు భవానీ బెలవాడితో కలిసి కుక్కలకు జొన్న తిండి పెట్టి చూస్తే వాటికి నల్ల నాలుక వచ్చింది. ఐసోల్యూసిన్ అనే మరో అమైనో ఆమ్లం ఇస్తే పెల్లాగ్రా రోగులు కోలుకుంటున్నారని కూడా గమనించారు. ల్యూసిన్ తక్కువగా ఉండే జొన్న రకాల కోసం వెతికారు. ఇతర దేశాల ప్రయోగశాలల్లో చేసిన కొన్ని పరీక్షలు ఈ సిద్ధాంతాన్ని బలపరచలేదు, కాబట్టి వాదం పూర్తిగా తేలిందని చెప్పలేం. అయితే పరాయి దేశపు పాఠ్యపుస్తకంలో ఉన్న మొక్కజొన్న కథను యథాతథంగా జొన్నకు తగిలించకుండా, తమ వార్డుల్లోని రోగి తిన్నదేమిటో అడిగినవారు వీళ్లు. నూరేళ్లు నిండాక 2019లో కన్నుమూసిన గోపాలన్ పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఇంకాస్త పెద్దగా ఉండాల్సింది.

పెల్లాగ్రా ఆ తర్వాత తెలంగాణ నుంచి దాదాపు పోయింది. ఏ మాత్రా పంచలేదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది, బోర్ల కింద వరి పెరిగింది, జొన్నచేలు తగ్గాయి, కూలి పెరిగి కంచంలోకి కాస్త పప్పు, కూర, గుడ్డు చేరాయి. ఈ పనుల్లో ఏదీ పెల్లాగ్రాను దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు. బియ్యం ఎక్కువై మధుమేహం పెరిగిందని ఇప్పుడు అదే రాష్ట్రంలో పట్టణాలవాళ్లు జొన్నరొట్టె వైపు తిరిగారు. వాళ్లు కంగారు పడనక్కర్లేదు. రొట్టె పక్కన పప్పు, పెరుగు, కూర ఉన్నంతకాలం జొన్న మంచి తిండే. ఆనాటి కూలి కుటుంబానికి ఆ పక్కనున్నవే కరువయ్యాయి.

మరి ఈ రోజున పెల్లాగ్రా ఎవరికొస్తోంది? ఎక్కువగా మద్యానికి బానిసై అన్నం మానేసినవారికి. తాగుడు పేగుల్ని, కాలేయాన్ని దెబ్బతీస్తుంది, విటమిన్లు ఒంటికి పట్టవు. క్షయ రోగులు వాడే ఐసోనియాజిడ్ మందు మరో కారణం. ట్రిప్టోఫాన్ నుంచి నయాసిన్ తయారు కావడానికి బి6 కావాలి, ఈ మందు ఆ బి6నే తగ్గించేస్తుంది. క్షయ మందులతో పాటు పైరిడాక్సిన్ (బి6) మాత్ర ఇచ్చేది ముఖ్యంగా నరాలు దెబ్బతినకుండా ఉండటానికే అయినా, ఈ ముప్పునూ అది తగ్గిస్తుంది. చాలాకాలంగా పేగుల జబ్బులతో బాధపడేవారికీ, ఊబకాయానికి పొట్ట ఆపరేషన్ చేయించుకున్నవారికీ అరుదుగా రావచ్చు.

ఎండ తగిలే చోటే ఎందుకు వస్తుంది? నయాసిన్ నుంచి తయారయ్యే ఎన్‌.ఎ.డి. అనే పదార్థం ప్రతి కణానికీ శక్తి తీసుకోవడంలో అవసరం. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మకణాల డి.ఎన్‌.ఎ.ను తెంపినప్పుడు దాన్ని మరమ్మతు చేయడానికీ అదే ఖర్చవుతుంది. సరుకు నిండుకున్న చోట మరమ్మతు సాగదు, చర్మం కాలిపోతుంది. త్వరత్వరగా కొత్త కణాలు వేసుకునే పేగుల పొర, శక్తి ఎక్కువ అడిగే మెదడు దెబ్బతినేది కూడా ఇందుకే. వైద్యం మాత్రం చూస్తే ఆశ్చర్యమేస్తుంది. నికోటినమైడ్ మాత్రలు మొదలుపెట్టిన ఒకటి రెండు రోజుల్లోనే మతి కుదుటపడుతుంది, నాలుక మంట తగ్గుతుంది. చర్మం తేరుకోవడానికి కొన్ని వారాలు కావాలి.

మన దేశపు వైద్యులు చర్మం మీద చదివిన మరో లోపం బి12. దీనికి చోటు వెల్లూరు. క్రైస్తవ వైద్య కళాశాలకు చెందిన బేకర్ బృందం 1963లో, బి12 చాలని రోగుల వేళ్ల కణుపులు, అరచేతి గీతలు, పాదాల పైభాగం నల్లబడుతున్నాయని, ఆ విటమిన్ ఇస్తే ఆ నలుపు పోతోందని రాసింది. పాలిపోవడం, అలసట మొదలుకాకముందే కొందరిలో ఈ నలుపు కనిపిస్తుంది. తెల్లవాళ్లలో కన్నా మన ఛాయవాళ్లలో ఇది ఎక్కువగా తెలుస్తుంది. బి12 మాంసం, చేపలు, గుడ్లు, పాలల్లోనే దొరుకుతుంది. పాలు కూడా సరిగా తాగని శాకాహారులకు, ఏళ్ల తరబడి షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడేవారికి, రోజూ గ్యాస్ మాత్ర మింగేవారికి ఇది తగ్గుతుంది. కణుపులు నల్లబడి, అరికాళ్లలో తిమ్మిర్లు కూడా ఉంటే రక్తపరీక్ష ఆలస్యం చేయకూడదు. బి12 తేల్చుకోకుండా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే మింగితే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, లోపల నరాలు మాత్రం పాడవుతూనే ఉంటాయి.

మిగతావి గబగబా చూద్దాం. నోటి రెండు మూలలూ తెల్లగా మెత్తబడి చీలితే, నాలుక నున్నబడి మండితే రైబోఫ్లావిన్‌ను, ఇతర బి-విటమిన్లను అనుమానించాలి. ఇనుము లోపంలోనూ, నోటి తడికి పెరిగే ఫంగస్ వల్లా అచ్చం ఇలాగే ఉంటుంది, కట్టుడు పళ్లవారిలో మరీనూ. పిల్లల మోచేతులు, మోకాళ్ల మీద వెంట్రుక మొదళ్ల దగ్గర ముళ్లలాంటి గరుకు బుడిపెలు వస్తే దాన్ని ఫ్రైనోడెర్మా అంటారు. 1930లలో సిలోన్‌లో లూసియస్ నికోల్స్ వర్ణించాక అందరూ విటమిన్ ఎ లోపమనుకున్నారు. గోపాలన్ తదితరుల పరిశోధనల తర్వాత మంచి నూనెల్లోని అవసర కొవ్వు ఆమ్లాలు, బి-విటమిన్లు కూడా ఇందులో ఉన్నాయని తెలిసింది. విటమిన్ సి బాగా తగ్గితే వెంట్రుక మొదళ్ల చుట్టూ ఎర్రటి రక్తపు చుక్కలు, చిగుళ్ల వాపు. పచ్చళ్లు, పండ్లు, కూరలు ఏవీ ముట్టకుండా ఒంటరిగా ఉండే ముసలివాళ్లలో ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తుంది.

విటమిన్ల నెత్తిన మనం అనవసరంగా రుద్దేవి కూడా కొన్ని ఉన్నాయి. పిల్లల చెంపల మీద వచ్చే పొడిబారిన తెల్లమచ్చల్ని కొందరు కాల్షియం లోపమంటారు, కొందరు కడుపులో నులిపురుగులంటారు. ఎక్కువసార్లు అవి చర్మం పొడిబారే తత్వం వల్ల వచ్చే మచ్చలు. ఎండలో చుట్టూ ఉన్న చర్మం నల్లబడితే ఇవి మరింత తేలి కనిపిస్తాయి. కాస్త నూనె, కొన్ని నెలల ఓపిక చాలు. గోళ్ల మీది తెల్లచుక్కలు కాల్షియం తగ్గడం వల్ల రావు, చాలావరకు గోటి మొదలుకు తగిలిన చిన్నచిన్న దెబ్బల ఫలితం. మెడ వెనక, చంకల్లో వెల్వెట్ గుడ్డలా మందంగా వచ్చే నలుపు మురికీ కాదు, విటమిన్ లోపమూ కాదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయకపోతే వచ్చే గుర్తు అది. పీచుతో తోమించుకునే పిల్లలకు తోముడు ఆపి, బరువు, షుగరు చూపించాలి.

ఇక మందుల దుకాణంలో జుట్టు, చర్మం, గోళ్లకని అమ్మే బయోటిన్ మాత్రల సంగతి. బయోటిన్ నిజంగా లోపిస్తే నోరు, ముక్కు చుట్టూ పొలుసులతో దద్దు వస్తుంది, జుట్టు రాలుతుంది. అయితే ఆ లోపం చాలా అరుదు. పచ్చి గుడ్డు తెల్లసొన రోజూ తాగేవారికి రావచ్చు, అందులోని మాంసకృత్తు బయోటిన్‌ను పట్టేసుకుంటుంది. గుడ్డు ఉడికిస్తే ఆ బెడద లేదు. దుకాణంలో దొరికే మాత్రల్లో రోజుకు కావలసినదానికి వందల రెట్లు ఉంటుంది. ఇంత బయోటిన్ రక్తంలో ఉంటే కొన్ని ల్యాబ్ పరీక్షలు తారుమారవుతాయి. థైరాయిడ్ లెక్కలు తప్పు చూపిస్తాయి. గుండెపోటును పట్టే ట్రోపోనిన్ ఉన్నదానికన్నా తక్కువగా రావచ్చు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2017లో దీనిపై హెచ్చరిక జారీ చేసింది. అందుకే థైరాయిడ్ పరీక్షకు వెళ్లేముందు ఈ మాత్రలు వేసుకుంటున్న సంగతి డాక్టరుకు చెప్పాలి, ఎన్నాళ్ల ముందు ఆపాలో అడగాలి. రక్తం తీసే ల్యాబ్ కుర్రాడు ఆ ప్రశ్న తనంతట తాను అడుగుతాడని అనుకోనక్కర్లేదు.